ఓయూ ‘మొట్టమొదటి’ ఘనతలు.. వాటిని ఎలా చదవాలి?

డిగ్రీలోనో పీజీలోనో చేరాలని చూస్తున్నారా? అయితే ఏ వర్సిటీ వెబ్‌సైట్ తెరిచినా ముందుగా కనిపించేది ‘దేశంలోనే మొట్టమొదటి’ అనే మాట. ఆ మాట నిజమేనా? నిజమైతే ఈ రోజు మీకు దాంతో పనేంటి? ఉస్మానియా విశ్వవిద్యాలయాన్నే ఉదాహరణగా తీసుకుని చూద్దాం.

ఏది మొదటి రోజు?

నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఫర్మానా జారీ చేసింది 1917 ఏప్రిల్ 26న. వర్సిటీ ఏర్పడిన సంవత్సరంగా రికార్డుల్లో కనిపించేది 1918. తరగతులు మొదలైంది 1919లో. ఫర్మానా తేదీని లెక్కలోకి తీసుకున్నారు కాబట్టే శతాబ్ది ఉత్సవాలు 2017 ఏప్రిల్‌లో జరిగాయి. అప్పటి రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ వాటిని ప్రారంభించారు. ఠీవిగా కనిపించే ఆర్ట్స్ కాలేజీ భవనం ఆ తర్వాత ఎప్పుడో, 1939లో ప్రారంభమైంది.

భాషలో తొలి ప్రయోగం

భారతీయ భాషలో ఉన్నత విద్య బోధించిన తొలి వర్సిటీగా ఓయూకు పేరు. ఆ భాష ఉర్దూ. పాఠ్యపుస్తకాల కోసం ప్రత్యేకంగా అనువాద విభాగాన్నే పెట్టారు. ఇంగ్లిష్‌ను తప్పనిసరి సబ్జెక్టుగా ఉంచారు. అయితే 1916లోనే కర్వే మొదలుపెట్టిన మహిళా విశ్వవిద్యాలయం మరాఠీలో బోధించింది. దానికి చట్టబద్ధ హోదా మాత్రం స్వాతంత్ర్యం తర్వాతే దక్కింది. అంటే ‘మొట్టమొదటి’ అన్న ప్రతి మాట వెనకా ఒక షరతు ఉంటుంది. ముందు దాన్ని అడగాలి.

ఇంకో ప్రశ్న కూడా ఉంది. ఆ తొలి అడుగు ఎవరికి దారి చూపింది? హైదరాబాద్ సంస్థానంలో ఎక్కువ మంది మాతృభాష తెలుగు. వర్సిటీలో తెలుగు శాఖ ఉండేది, రాయప్రోలు సుబ్బారావు అక్కడ పాఠాలు చెప్పారు. కానీ తెలుగు ఒక సబ్జెక్టు మాత్రమే, బోధనా మాధ్యమం కాదు. పల్లె నుంచి వచ్చిన తెలుగు విద్యార్థికి ఉర్దూ కూడా కొత్తగా నేర్చుకోవాల్సిన భాషే. సంస్థానం 1948లో భారత్‌లో కలిశాక బోధన ఇంగ్లిష్‌కు మారింది. తెలుగు మీడియంలో చదివి డిగ్రీకి వచ్చిన పిల్లలు ఈ రోజు పడుతున్న తిప్పలను ఈ కోణంలోనూ చూడాలి.

ఉత్సవాల్లో తక్కువగా వినిపించేవి

1938లో హాస్టళ్లలో వందేమాతరం పాడినందుకు విద్యార్థులను బహిష్కరించారు. చాలామంది నాగ్‌పూర్ వెళ్లి చదువు పూర్తి చేశారు. తర్వాత ప్రధాని అయిన పీవీ నరసింహారావు వారిలో ఒకరు. 1969 తెలంగాణ ఉద్యమానికీ, ఆ తర్వాతి మలిదశ ఉద్యమానికీ ఈ క్యాంపస్సే కేంద్రమైంది. ఇవీ మైలురాళ్లే. అయితే వీటి ఘనత యాజమాన్యానిది కాదు, విద్యార్థులది.

కోఠి మహిళా కళాశాల 1924లో మొదలైంది. 2022లో అదే మహిళా విశ్వవిద్యాలయమైంది. వరంగల్‌లోని ఓయూ పీజీ కేంద్రం 1976లో కాకతీయ విశ్వవిద్యాలయంగా మారింది. అంటే ఓయూ పరిధి తగ్గిన ప్రతిసారీ మరో ప్రాంతానికో, మరో వర్గానికో సొంత వర్సిటీ దక్కింది.

మీరు చూడాల్సినవి

* న్యాక్ గ్రేడ్ ఒక్కటే కాదు, దాని గడువు కూడా చూడండి. సాధారణంగా అది ఐదేళ్లే చెల్లుతుంది.
* మీరు చేరే విభాగంలో రెగ్యులర్ అధ్యాపకులు ఎంతమంది, కాంట్రాక్టుపై ఎంతమంది? మన రాష్ట్ర వర్సిటీల్లో ఖాళీలు ఏళ్ల నాటి సమస్య. సమాచారం దొరక్కపోతే సహ చట్టం కింద అడగొచ్చు.
* హాస్టల్ సీటు ఖాయమా, పరీక్షలు, ఫలితాలు సమయానికి వస్తున్నాయా? ఇప్పుడు అక్కడ చదువుతున్నవారినే అడగండి.
* కాలేజీ ఏ వర్సిటీకి అనుబంధమో దోస్త్‌లో ఆప్షన్లు పెట్టే ముందే సరిచూసుకోండి.

వందేళ్ల చరిత్ర గర్వపడదగ్గదే. కానీ మీ సర్టిఫికెట్‌కు విలువ తెచ్చేది 1917 నాటి ఫర్మానా కాదు, ఈ ఏడాది మీ తరగతి గదిలోకి వచ్చి పాఠం చెప్పే అధ్యాపకుడు.