వేడికి తట్టుకుంటే చాలదు

సంపాదకులకు,

చిన్న పెట్రోలు ఇంజన్లకు సిలికాన్ ఇంధన గొట్టమే మేలన్న గత సంచిక వ్యాసకర్త మాట సగమే నిజం. ఎందుకంటే సిలికాన్ 200 డిగ్రీల సెల్సియస్ వేడిని తట్టుకున్నా, పెట్రోలు తగిలితే ఉబ్బి, మెత్తబడి, మూతి దగ్గర జారిపోతుంది. మిథనాల్‌తో నడిచే నమూనా విమానాల ఇంజన్లకు అది తగినదే గాని, ప్రాణహిత గోదావరిలో కలిసే సిరొంచ ప్రాంతపు చేలలో రైతు వీపున మోసే పెట్రోలు స్ప్రేయర్లకు కాదు. గొట్టాన్ని అమర్చే చోటూ ముఖ్యమే: పెట్రోలులోని తేలిక భాగాలు 40 డిగ్రీల దరిదాపుల్లోనే మరగనారంభిస్తాయి కనుక, మే ఎండలో సైలెన్సర్‌ను ఆనుకున్న గొట్టంలో ఆవిరి బుడగలు చేరి, ఇంధనం అందక ఇంజన్ ఆగుతుంది; వేపర్ లాక్ అనేది ఇదే. పాపం, నింద మాత్రం కార్బురేటర్‌ పాలవుతుంది. ఇథనాల్ కలిసిన నేటి పెట్రోలుకు విటాన్ అనే ఫ్లోరిన్ రబ్బరు గొట్టాన్ని, సైలెన్సర్‌కు ఎడంగా అమర్చడమే సరైనది. వచ్చే సంచికలో సవరణ వేయవలసిందిగా మనవి.

— ఒక పాఠకుడు, సిరొంచ