పడవ మునిగితే మునగనివ్వండి

సైన్స్ ఎగ్జిబిషన్ తేదీ ప్రకటించగానే చాలా ఇళ్లలో హడావుడి మొదలవుతుంది. తీరిక లేనివాళ్లు షాపులో రెడీమేడ్ వర్కింగ్ మోడల్ కొంటారు. తీరిక ఉన్నచోట నాన్నగారో, బాబాయిగారో రాత్రి పొద్దుపోయేదాకా కూర్చుని మోటార్ బోటు బిగిస్తారు. మర్నాడు బోటు బ్రహ్మాండంగా తిరుగుతుంది. "ఇది ఎందుకు తేలుతోంది?" అని అడిగితే మాత్రం పిల్లలు ఛార్టు మీద ఉన్నది అప్పజెబుతారు.

ఇందులో తల్లిదండ్రుల తప్పు లేదు. అందంగా కనిపించే మోడల్‌కే బహుమతి వస్తుంటే ఎవరైనా అదే చేస్తారు. అందుకే నా అభిప్రాయం ఇది: పడవలు, చిన్న బండ్ల ప్రాజెక్టులు క్లాసులోనే, పిల్లల చేతులతోనే జరగాలి. మార్కులు మోడల్ మెరుపుకు కాకుండా, పిల్లలు ఏం మార్చారు, ఎందుకు మార్చారు అన్నదానికి ఇవ్వాలి.

ఒక చిన్న ఉదాహరణ చూడండి. చపాతీలు చుట్టే అల్యూమినియం ఫాయిల్‌ను 16 సెంటీమీటర్ల చదరంగా కత్తిరించి, నాలుగు వైపులా 3 సెంటీమీటర్లు పైకి మడిస్తే 10×10×3 సైజు పడవ తయారవుతుంది. దాని ఘనపరిమాణం 300 ఘన సెంటీమీటర్లు. అంటే తన బరువుతో కలిపి సుమారు 300 గ్రాముల దాకా మోయాలి. ఈ లెక్క తొమ్మిదో తరగతి పిల్లలు నిమిషంలో చేసేస్తారు. తర్వాత నీళ్ల టబ్బులో పెట్టి గోళీలు వేయడం మొదలుపెడితే, లెక్కలో చెప్పిన బరువు రాకముందే పడవ మునిగిపోతుంది. గోళీలన్నీ ఒక పక్కకు దొర్లుతాయి, ఆ అంచు వంగుతుంది, నీళ్లు లోపలికి వస్తాయి.

అసలు పాఠం అక్కడే మొదలవుతుంది. ఒక గ్రూపు స్ట్రాలతో లోపల అరలు కడుతుంది. ఇంకో గ్రూపు అడుగు వెడల్పు చేసి గోడలు తగ్గిస్తుంది. మళ్లీ వేస్తారు, మళ్లీ మునుగుతుంది, ఈసారి ఇంకొన్ని గోళీల తర్వాత.

బండ్లదీ ఇదే కథ. బాటిల్ మూతలు చక్రాలుగా పెట్టి, రబ్బరు బ్యాండు ఇరుసుకు చుట్టి వదిలితే, నున్నటి టైల్స్ మీద చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరుగుతాయి. మూతల చుట్టూ బెలూన్ ముక్క తొడిగితే బండి కదులుతుంది. ఘర్షణ అంటే వేగాన్ని తగ్గించేదని మాత్రమే చదివిన పిల్లలకు, బండి ముందుకు పోవడానికీ అదే కావాలని అప్పుడు తెలుస్తుంది. బండి వంకరగా పోతుంటే రెండు ఇరుసులూ సమాంతరంగా ఉన్నాయా అని స్కేలుతో కొలుస్తారు. అక్కడ జామెట్రీ కూడా పనికొస్తుంది.

ఇది చిన్నపిల్లల ఆట అనుకోవద్దు. విశాఖపట్నంలోని నేవల్ సైన్స్ అండ్ టెక్నలాజికల్ లేబొరేటరీలో సుమారు 500 మీటర్ల పొడవైన నీటి ట్యాంకు ఉంది. నౌక కట్టడానికి ముందే దాని నమూనాను అందులో లాగి, నీటి నిరోధం ఎంతో కొలుస్తారు. అలాంటి పరీక్షలు లేని కాలంలో, 1628లో స్వీడన్ రాజుగారి యుద్ధనౌక 'వాసా' తొలి ప్రయాణంలో ఒకటిన్నర కిలోమీటరైనా వెళ్లకముందే మునిగిపోయింది. పైభాగం బరువెక్కువై గాలికి ఒరిగింది, ఫిరంగుల కిటికీల్లోంచి నీళ్లు వచ్చాయి. మన ఫాయిల్ పడవ మునిగే తీరు కూడా ఇలాంటిదే.

"ఐఐటీ ఫౌండేషన్ క్లాసుల మధ్య వీటికి టైమెక్కడిది?" అని కొందరు పేరెంట్స్ అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ నీటిలో తేలే దిమ్మెలో ఎంత భాగం మునుగుతుందన్న లెక్క పోటీ పరీక్షల్లో ఎప్పుడూ ఉండేదే. ఫార్ములా బట్టీపట్టిన విద్యార్థి ప్రశ్న కాస్త మార్చితే తడబడతాడు. టబ్బులో చేతులు పెట్టి చూసినవాడు ఆలోచించి గట్టెక్కుతాడు. దీనికి రెండు పీరియడ్లు చాలు. ఖర్చు కూడా వంటింట్లో, చెత్తబుట్టలో దొరికే సామాన్లదే. ఐఐటీ కాన్పూర్‌లో చదివిన అరవింద్ గుప్తా పారేసే వస్తువులతోనే సైన్స్ బొమ్మలు చేయడం దేశమంతటా పిల్లలకు నేర్పించారు. 2018లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

మీకు మూడు విన్నపాలు. ప్రాజెక్టు కొనివ్వకండి. కత్తెర, కట్టర్, గ్లూ గన్ వాడేటప్పుడు పక్కన ఉండండి గానీ, పని మీ చేతుల్లోకి తీసుకోకండి. పడవ మునిగిందని పిల్లలు ఇంటికొచ్చి చెబితే, "మార్కులెన్ని?" అని కాకుండా "ఎటు పక్కనుంచి మునిగింది? రేపు ఏం మారుస్తావు?" అని అడగండి.

బడి తరఫున మేమూ ఒకటి చేయాలి. అందరికీ ఒకే సామాను ఇచ్చి, ప్రతి ప్రయత్నాన్నీ ఒక షీటులో రాయించి, ఎగ్జిబిషన్‌లో మోడల్ పక్కనే ఆ షీటు కూడా ఉంచాలి. ఈసారి వచ్చినప్పుడు ముందుగా ఆ కొట్టివేతల కాగితం చదవండి. మీ పాప, మీ బాబు ఎంత ఆలోచించారో అందులో కనిపిస్తుంది.