"ఓడలో డాక్టరు ఉంటారు కదా!" – ఈ ధీమాకు చికిత్స చేయవలసిందే



వేసవి దగ్గరపడితే నాకు ఒకే తీరు ప్రశ్నలు వస్తుంటాయి. "డాక్టరుగారూ, అబ్బాయి మమ్మల్ని అమెరికా రమ్మంటున్నాడు. అక్కడి నుంచి ఓడ ప్రయాణానికి టికెట్లు కూడా కొన్నాడట. వీసా సరిపోతుందా? స్వెట్టర్లు పట్టుకెళ్ళాలా? ఓడలో శాకాహారం దొరుకుతుందా?" అన్నీ న్యాయమైన ప్రశ్నలే. కాని "నా గుండె, నా మూత్రపిండాలు ఈ ప్రయాణానికి సిద్ధంగా ఉన్నాయా?" అని అడిగినవారిని వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. పాస్‌పోర్టు ఎక్కడుందని ఇంట్లో పదిసార్లు అడుగుతారు. మందుల సంచీ సంగతి ఒక్కసారి కూడా అడగరు. ఆ ప్రశ్న నేనే వేస్తే, తప్పకుండా వచ్చే జవాబు ఒకటి ఉంది: "ఓడలో డాక్టరు ఉంటారు కదా!"

ఆ ఒక్క వాక్యం మీదనే ఈనాటి నా ఫిర్యాదు.

నేను ఓడ ప్రయాణాలకు విరోధిని కాను. పదవీ విరమణ తరువాత నేనూ నా శ్రీమతీ టెక్సాస్‌లోని గాల్వెస్టన్ రేవు నుంచి మెక్సికో తీరానికి ఐదు రాత్రుల ప్రయాణం చేశాము. నడిసముద్రంలో సూర్యోదయాన్ని చూసిన ఆనందం ఇప్పటికీ నా మనస్సులో పదిలంగా ఉంది. విశాఖపట్టణంలో కూడా 2023లో క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది. రానున్న రోజులలో ఈ విహారాలు మన వాకిటిలోనికే వస్తాయి. రావలసిందే. నేను వ్యతిరేకించేది ప్రయాణాన్ని కాదు. ప్రయాణంలో మన వెంట వచ్చే ధీమానూ, ఆ ధీమా చాటున దాగిన దాపరికాన్నీ.

మూడవ రాత్రి జరిగిన సంగతి

మా ఓడలో ఒక విశ్రాంత ఉపాధ్యాయులు పరిచయమయ్యారు. గోదావరి ప్రాంతం వారు, వయస్సు 74 సంవత్సరాలు. కుమారుడు, కోడలు, మనుమలతో వచ్చారు. తొలిరోజు నాతో గంటసేపు పద్యాల గురించి మాట్లాడారు. మూడవ రాత్రి రెండు గంటల వేళ ఆయన కుమారుడు మా గది తలుపు తట్టాడు. వెళ్ళి చూస్తే మాస్టారు మంచం అంచున కూర్చొని ఎగశ్వాస పీలుస్తున్నారు. పడుకోలేరు, మాట పూర్తి చేయలేరు. నుదుట చల్లని చెమటలు, పాదాలు వేలితో నొక్కితే గుంట పడేటంత వాపు. ఊపిరితిత్తులలో నీరు చేరుతోందని గ్రహించడానికి పరీక్షలు అక్కరలేదు. ఓడ వైద్యులు వెంటనే ప్రాణవాయువు పెట్టి, సిరలోనికి మందు ఇచ్చారు. తెల్లవారేసరికి ఆయన తేరుకున్నారు. ఆ వైద్యులను నేను వేలెత్తి చూపను. వారు చేయగలిగినదంతా చేశారు.

మరి పొరపాటు ఎక్కడ జరిగింది? నెమ్మదిగా అడిగితే ఒక్కొక్కటే బయటపడింది. ఆరేళ్ళ క్రితం ఆయనకు బైపాస్ శస్త్రచికిత్స జరిగింది. గుండె కండరం బలహీనంగా ఉంది. దానికి రోజూ ఉదయం ఒక ఫ్యూరోసెమైడ్ మాత్ర వేసుకోవాలి. మనవాళ్ళు లేసిక్స్ అనేది అదే. డల్లాస్ నుంచి రేవుకు కారులో ఐదు గంటల ప్రయాణం. దారిలో మూత్రానికి మాటిమాటికీ ఆగడం మొహమాటమని ఆనాడు మాత్ర మానేశారు. మరునాడు కొత్త చోటు సందడిలో మరచిపోయారు. మూడవనాడు రేవులో బస్సు విహారం ఉందని మళ్ళీ మానేశారు. ఇంకొక వైపు పూటపూటకూ ఓడలోని సూపులు, ఇంటి నుంచి తెచ్చుకున్న ఆవకాయ. ఉప్పు ఒంట్లో నీటిని పట్టి ఉంచుతుంది. ఆ నీటిని బయటకు పంపే మాత్ర కడుపులోనికి పోలేదు. ఇందులో వైద్యశాస్త్ర రహస్యం ఏమీ లేదు.

ఆయనను మరునాటి రేవులో దింపి ఆసుపత్రిలో చేర్చారు. నాలుగు రోజులు ఉన్నారు. బీమా పత్రంలో "పూర్వం నుంచి ఉన్న వ్యాధులు" అన్న చోట "లేవు" అని నింపారట. ఉన్నాయని వ్రాస్తే ప్రీమియం పెరుగుతుందని ఎవరో చెప్పారట. బీమా సంస్థ చెల్లించలేదు. కొన్ని నెలల తరువాత ఆ కుమారుడు ఫోనులో నాతో అన్నాడు: "డబ్బు పోతే పోయిందండీ. నాన్నగారు ఇక మా ఇంటికి రానంటున్నారు. 'నీకు భారమయ్యాను' అంటున్నారు. ఏం చెప్పను?"

ఏం చెప్పాలో నాకూ తోచలేదు. ఆ రాత్రి నుంచి ఈ వ్యాసం నాకు బాకీగా మిగిలిపోయింది.

మొదటి భ్రమ: ఓడ అంటే తేలియాడే ఆసుపత్రి

ఓడలలో ఎలాంటి వైద్య సదుపాయాలు ఉండాలో అమెరికాలోని అత్యవసర వైద్యుల కళాశాల మార్గదర్శకాలు ప్రచురించింది. వాటి సారాంశం: రోగి ప్రాణాన్ని నిలబెట్టాలి, చేయగలిగిన చికిత్స మొదలుపెట్టాలి, అవసరమైతే తీరానికి చేర్చాలి. పెద్ద ఓడలలో ఇ.సి.జి., డీఫిబ్రిలేటర్, ప్రాణవాయువు, కొన్ని రక్తపరీక్షలు, తరచుగా ఎక్స్‌రే కూడా ఉంటాయి. కాని గుండె రక్తనాళంలో స్టెంట్ వేసే ప్రయోగశాల ఉండదు. మెదడులో రక్తస్రావమైతే శస్త్రచికిత్స చేసే నిపుణుడు ఉండడు.

నేను గోదావరి ఒడ్డున తాలూకా ఆసుపత్రిలో పనిచేసిన రోజులలో గుండెపోటు రోగిని కాకినాడ పంపడానికి జీపో లారీయో ఏదో ఒకటి దొరికేది. నడిసముద్రంలో ఏమున్నది? హెలికాప్టరుకు ఇంధనం చాలినంత దూరమే చేరువ. గాలివాన ఉంటే అదీ లేదు. ఓడ వైద్యం ఉచితం కూడా కాదు. చూసిన ప్రతిసారీ రుసుము మీ ఖాతాలో చేరుతుంది.

"డాక్టరు ఉంటారు కదా" అనేవారు ఒక సత్యం మరుస్తున్నారు. ఆ డాక్టరుకు మీరు అపరిచితులు. మీ పాత ఇ.సి.జి. ఆయన దగ్గర లేదు. మీరు చెప్పకపోతే ఆయనకు తెలియదు.

రెండవ భ్రమ: బీమా ఉంది కనుక బెంగ లేదు

బీమా పత్రం ఉండటం వేరు, అది పనికిరావడం వేరు. సందర్శకులకు అమ్మే బీమాలలో నిబంధనలు రకరకాలు. అందువల్ల మూడు ప్రశ్నలకు వ్రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. ఒకటి, నడిసముద్రంలోనూ, మధ్యలో దిగే దేశాలలోనూ ఇది వర్తిస్తుందా? రెండు, హెలికాప్టరులోనో విమానంలోనో తరలిస్తే ఆ వ్యయం భరిస్తుందా? మూడు, మా మధుమేహం, రక్తపుపోటు, గుండెజబ్బు ఇందులోనికి వస్తాయా, ఎంతవరకు వస్తాయి?

ఉన్న వ్యాధిని లేదని వ్రాయడం పొదుపు కాదు. కట్టిన ప్రీమియాన్ని కూడా సముద్రంలో పారవేయడమే.

మూడవ భ్రమ: చేతికి జెల్ రాసుకుంటే చాలు

ఓడలలో వాంతులు, విరేచనాలు గుంపుగా కలిగించే వైరస్‌లలో నోరోవైరస్ ప్రధానమైనది. వంద కంటె తక్కువ వైరస్ కణాలు లోపలికి పోయినా జబ్బు రావచ్చు. 12 నుంచి 48 గంటలలో లక్షణాలు మొదలవుతాయి. ఆల్కహాల్ జెల్‌లు దీనిపై అంతగా పనిచేయవు. సబ్బుతో, పారే నీటితో, కనీసం 20 సెకనులు చేతులు కడుగుకోవలసిందే. భోజనశాల వాకిట జెల్ రాసుకొని లోపలికి నడిచేవారిని చూసినప్పుడల్లా నాకు గడప దగ్గర కాలి మీద నీళ్ళు చిలకరించుకొని స్నానమైందనుకొనే పిల్లలు గుర్తుకు వస్తారు.

న్యాయంగా ఇంకొక మాట చెప్పాలి. అమెరికాలో నమోదయ్యే నోరోవైరస్ వ్యాప్తులలో ఓడల వాటా 1 శాతమే. వృద్ధాశ్రమాలు, భోజనశాలలు వాటికి నెలవులు. అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సి.డి.సి. 1975లోనే ఓడల పారిశుద్ధ్య కార్యక్రమం ప్రారంభించింది. తనిఖీలో 100కి 86 మార్కులైనా రావాలి. 85, అంతకు తక్కువ వస్తే తప్పినట్లే. ఆ మార్కులు ఎవరైనా చూడవచ్చు. మన పెళ్ళి బఫేలకు ఎవరు మార్కులు వేస్తున్నారు?

ఓడలో అసలు శత్రువు దాపరికమే. విరేచనాలు అయితే గదిలో ఉండమంటారని చెప్పకుండా విందుకు వెళ్ళి, గరిటెలు ముట్టుకొనేవారు ఉన్నారు. కట్టిన డబ్బు వృథా అవుతుందని వారి బాధ. వారి తరువాత ఆ గరిటె పట్టుకొనే ఎనభై ఏళ్ళ అవ్వకు అదే జబ్బు వస్తే, ఒంట్లో నీరు తగ్గి మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. 2020 ఫిబ్రవరిలో యొకొహామా రేవులో నిలిచిన డైమండ్ ప్రిన్సెస్ ఓడను మరువరాదు. 3,711 మందిలో 700 మందికి పైగా కోవిడ్ సోకింది. ఓడలో ఒకరి ఊపిరి వేరొకరికి దూరం కాదు.

నాలుగవ భ్రమ: కడుపులో తిప్పితే మాత్ర ఉంది

సముద్రపు తిప్పుడుకు వాడే ప్రోమెథజిన్, డైమెన్‌హైడ్రినేట్ మాత్రలు, చెవి వెనుక అంటించే స్కోపలమిన్ పట్టీ యువకులకు సాధారణంగా పరవాలేదు. పెద్ద వయస్సు వారిలో ఇవి మత్తు, తూలు, మతిభ్రమ కలిగించగలవు. ప్రోస్టేట్ గ్రంథి పెరిగినవారికి మూత్రం పూర్తిగా బంధించవచ్చు. కొన్ని రకాల నీటికాసులలో కంటి ఒత్తిడి హఠాత్తుగా పెరగవచ్చు. పక్క సీటు వారు ప్రేమతో ఇచ్చిన మాత్ర వేసుకొని, అర్ధరాత్రి స్నానాల గది గడప తట్టుకొని తుంటి ఎముక విరిగితే ఆ ప్రేమ ఏ పాటిది? ఓడ మధ్యభాగంలో, క్రింది అంతస్తులో గది తీసుకోండి. తిప్పినప్పుడు బయటకు వచ్చి దిగంతాన్ని చూడండి. మితంగా తినండి. మందు తప్పనిసరి అయితే మీ వైద్యుడు చెప్పినదే వాడండి.

బయలుదేరే ముందు

నెల రోజుల ముందు మీ వైద్యుని కలవండి. ఈ పనులు చేయండి:

1. మందుల జాబితా జెనెరిక్ పేర్లతో వ్రాయించుకోండి. మన బ్రాండు పేర్లు విదేశీ వైద్యునికి తెలియవు. మన పారసిటమాల్‌ను అమెరికాలో అసిటమినోఫెన్ అంటారు. ఆ సంగతి తెలియక రెండూ మింగినవారు ఉన్నారు.

2. ఇటీవలి ఇ.సి.జి., ఎకో నివేదిక, క్రియాటినిన్ ఫలితం కాగితం మీదా ఫోనులోనూ ఉంచుకోండి.

3. మందులన్నీ చేతిసంచీలో పెట్టుకోండి. రేవులో అప్పగించిన పెట్టెలు గదికి చేరడానికి కొన్ని గంటలు పడుతుంది. ఒక వారానికి సరిపడే మందులు అదనంగా ఉండాలి.

4. ఇన్సులిన్ గడ్డకట్టకూడదు. గదిలోని చిన్న ఫ్రిజ్‌ను గుడ్డిగా నమ్మవద్దు. సమయభేదానికి తగినట్లు మోతాదు వేళలు వైద్యుని చేత ముందే వ్రాయించుకోండి.

5. మూత్రం ఎక్కువగా వచ్చే మాత్రను విహారం రోజున మానవద్దు. ఏ వేళకు జరపవచ్చో మీ వైద్యుని అడగండి. ఈ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే మాస్టారికి ఆ రాత్రి వచ్చేది కాదు.

6. ఇండియా నుంచి దిగిన రెండు రోజులకే ఓడ ఎక్కవద్దు. నిద్ర, కాళ్ళ వాపు, మందుల వేళలు కుదుటపడనివ్వండి.

7. ఓడ ఎక్కగానే జరిగే రక్షణ అభ్యాసానికి శ్రద్ధగా హాజరు కండి. 2012 జనవరిలో కోస్టా కాంకార్డియా ఒరిగిపోయి 32 మంది మరణించారు. ఆనాడే ఓడ ఎక్కిన చాలామందికి ఆ అభ్యాసం ఇంకా జరుగలేదు. అందుకే 2015 నుంచి ఓడ బయలుదేరే ముందే, లేదా బయలుదేరిన వెంటనే, ఆ అభ్యాసం జరపాలని అంతర్జాతీయ నిబంధన వచ్చింది. 2019లో కచ్చులూరు వద్ద గోదావరి నేర్పిన పాఠం మనకు ఎవరూ మళ్ళీ చెప్పనక్కరలేదు.

"మీరు భయపెడుతున్నారు"

ఈ మాట కూడా వింటూనే ఉన్నాను. "పెద్దవాళ్ళు ఎన్నాళ్ళుంటారు, నాలుగు చోట్లు చూడనివ్వండి" అంటారు. చూడనివ్వమనే నేనూ అంటున్నాను. నెల ముందు ఒక గంట వైద్యుని దగ్గర కూర్చోవడం భయమా? ఉన్న జబ్బును ఉన్నట్లు వ్రాయడం భయమా? నా దృష్టిలో అసలు భయపడుతున్నది దాచేవారు. పిల్లలు రద్దు చేస్తారేమోనని తల్లిదండ్రులు దాస్తారు. పెద్దవాళ్ళు బెంగపడతారేమోనని పిల్లలు అడగరు. అమ్మేవారు ఈతకొలను ఫొటోలు చూపుతారు గాని వైద్యశాల గది ఎక్కడుందో చూపరు. అందరూ మంచివారే. అందరి మంచితనమూ కలిసి ఒక పెద్దాయనను అర్ధరాత్రి ఊపిరి అందని స్థితికి చేర్చింది.

కుమారులకు, కుమార్తెలకు నా మనవి: టికెట్టు కొనేముందు నాన్నగారి మందులపెట్టె తెరచి చూడండి. "ఈ మాత్ర దేనికి నాన్నా? ఎప్పుడైనా మానుతున్నారా?" అని అడగండి. కోప్పడకుండా అడగండి. పెద్దలకు నా మనవి: మూత్రానికి ఆగవలసి వస్తుందని చెప్పడంలో సిగ్గు లేదు. కారు ఆపినందుకు ఏ కొడుకూ విసుక్కోడు. ఆపకపోవడం వల్ల జరిగినదానికి జీవితమంతా నొచ్చుకొనే కొడుకును నేను చూశాను.

వెళ్ళిరండి. సముద్రం చూడదగినది. మీ జబ్బులు మాత్రం ఇంటి దగ్గర దాచిపెట్టి వెళ్ళలేరు. అవి మీ వెంటే ఓడ ఎక్కుతాయి. వాటి పేర్లు కూడా కాగితం మీద వ్రాసి తీసుకువెళ్ళండి.

(ఈ వ్యాసం వైద్య విషయాలపై అవగాహన కలిగించడానికే. మీ మందులలో మార్పులు మీ వైద్యుని సలహా మేరకే చేసుకోండి.)