బాక్సింగ్‌లో తూకం ఎందుకు?

నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో 52 కిలోల విభాగంలో, 2023లో 50 కిలోల విభాగంలో ప్రపంచ బాక్సింగ్ విజేత అయింది. "అంత నేర్పు ఉంటే 80 కిలోల వారితోనూ తలపడవచ్చు గదా, మాస్టారూ?" అని గూడూరులో మా తరగతి పిల్లవాడొకడు అడిగాడు.

తలపడకూడదనే నా అభిప్రాయం. ఒకే వేగంతో వచ్చే నిమ్మకాయ, కొబ్బరికాయలలో ఏది గట్టిగా తగులుతుంది? ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే వచ్చేదే ద్రవ్యవేగం. బరువైన వారి పిడికిలి వెనుక భుజం, నడుముల బరువు కూడా ఉంటుంది. ఆ దెబ్బకు తల ఒక్కసారిగా కదులుతుంది. కపాలంలో ద్రవం మధ్య ఉన్న మెదడు వెనుకబడి, కుదుపుకు గాయపడుతుంది. సన్నని మెడ ఆ కుదుపును ఆపలేదు. నేర్పు ఎన్నో దెబ్బలను తప్పించవచ్చు. తప్పించుకోలేని ఒక్క దెబ్బ చాలు.

"మరి కరణం మల్లేశ్వరి?" అంటారేమో. బరువులెత్తే పోటీలలో 1994, 1995లలో 54 కిలోల విభాగంలో ప్రపంచ విజేత అయిన ఆమె, 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో కాంస్యం సాధించారు. నిజమే. కానీ ఇనుప బరువు తిరిగి కొట్టదు!

కనుక తనకంటే బాగా బరువైన వానితో కుస్తీకి రానన్న స్నేహితుణ్ణి పిరికివాడనకండి. తూకం సమానమైనప్పుడే నేర్పుకు అసలు పరీక్ష.