ఛాయాచిత్రములకు మొదటి దీపము

ఫొటో తీయుట నేర్చుకొనవలెనను కోరిక మన విద్యార్థులలో నానాటికి పెరుగుచున్నది. ఇందుకు ఆశ్చర్యపడవలసిన పనిలేదు. ఇంటింటను సెల్ ఫోను, ఫోను ఫోనునను కెమేరా ఉన్న దినములివి. గుర్తింపుకార్డులకు, వార్షికోత్సవమునకు, ఆటల పోటీలకు కావలసిన ఫొటోలను మనమే తీసికొనవచ్చును గదా, అందులకు స్టూడియో దీపములు కొందమని పై తరగతుల పిల్లలు కోరుచున్నారు. తలిదండ్రులలో కొందఱు ఇది వృథావ్యయ మనుచున్నారు. మఱికొందఱు, కొనదలచినచో పెద్ద సామగ్రినే కొనుడని చెప్పుచున్నారు. ఈ రెండభిప్రాయములకును నడుమ మా అభిప్రాయ మొకటి కలదు. దీపము కొనవలసినదే; కాని ఒక్కటే కొనవలెను; ఆ యొక్కటి మంచిదై యుండవలెను.

వృథా యనువారికి మొదట సమాధానము చెప్పెదము. గుర్తింపుకార్డులపై నుండు ఫొటోలను ఒక్కమాఱు వరుసగా పఱచి చూడుడు. తెల్లచొక్కా ధరించిన బాలుని సున్నపుగోడకు ఆనించి నిలిపి, నడినెత్తిన వ్రేలాడు ట్యూబులైటు క్రింద తీసిన ఫొటోలో గోడ మెఱయును, చొక్కా మెఱయును; ముఖము మాత్రము మసక బాఱి, కన్నులున్న చోట రెండు గుంటలు కనబడును. దీనికి కారణము బాలుని మేనిచాయ కాదు. కెమేరా తనంతట తాను వెలుతురును కొలుచునపుడు, ఎదుట నున్నదంతయు సగటున నడితరపు బూడిదరంగని యెంచి లెక్క కట్టును. గోడయు చొక్కాయు తెల్లనివగుటచే వెలుతురు అధికమైనదని భ్రమించి తగ్గించును. ఆ తగ్గింపు ముఖముపై పడును. పిమ్మట ఆ ముఖమును కంప్యూటరున తెల్లబఱచి, కన్నతల్లియే గుర్తుపట్టలేనట్లు చేయుట కలదు.

ఫిల్ముల కాలమునందును ఇట్టి అన్యాయమే జరిగినది. రంగుల ప్రింట్లను సరిచూచుకొనుటకై కోడక్ సంస్థవారు ఫొటో ప్రయోగశాలలకు పంపిన నమూనాపటములలో పెక్కేండ్లు తెల్లజాతి స్త్రీ ముఖమే యుండెడిది. వానికి షర్లీ కార్డులని పేరు. ఆమె చాయకు కుదిరిన రంగులు నల్లని ముఖములకు కుదరలేదు. కావున మన బిడ్డల ముఖములు ఉన్నవి ఉన్నట్లు కనబడవలెనన్నచో, వానికి తగిన వెలుతురును మనమే అమర్చుకొనవలెను. ఇది విలాసము కాదు. తన ఫొటోను అరచేత మూసికొని కార్డు చూపు బిడ్డ ఒక్కరున్నను, అది బడి పట్టించుకొనవలసిన విషయమే.

అయినను, కొనుటకు ముందు విద్యార్థులు చేయవలసిన పని యొకటి కలదు. ఇంట గెలిచి రచ్చ గెలువుమన్నారు. సూర్యుని వెలుతురును తొలుత నేర్చుకొనవలెను. ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడై పేరొందిన రాజా దీన్ దయాళ్ (1844–1905) సికిందరాబాదున 1886లో స్టూడియో నెలకొల్పెను. 1892లో హైదరాబాదున స్త్రీలకొఱకు ప్రత్యేకముగా జనానా స్టూడియో తెఱచెను. ఆ కాలపు స్టూడియోలకు గాజుకప్పులనుండియు గాజుగోడలనుండియు దిగు పగటి వెలుతురే ఆధారము. తెరలు లాగి దానిని తగ్గించుచు, తెల్లని పలకలతో మరల్చుచు ముఖములను తీర్చెడివారు. మెగ్నీషియము పొడిని మండించి పుట్టించు మెఱుపు 1887లో జర్మనీలో వెలసినది. విద్యుత్తుతో మెఱయు ఫ్లాషును అమెరికాలో హెరాల్డ్ ఎడ్గర్టన్ 1931లో రూపొందించెను. అంతకు ముందు తరమువారు కిటికీని, తెరను, తెల్లపలకను నమ్ముకొనియే మనము నేటికిని మెచ్చుకొను చిత్రములను తీసిరి.

మన తరగతిగదులకును కిటికీలు కలవు. ఎండ సూటిగా పడని కిటికీ ప్రక్కన స్నేహితుని నిలిపి, ముఖమును కిటికీవైపు కొంచెము త్రిప్పించి, రెండవ ప్రక్కన తెల్లని థర్మాకోలు పలకను పట్టి నెల దినములు అభ్యసింపుడు. వెలుతురు ఏ వైపునుండి వచ్చినచో ముక్కునీడ ఎటు పడునో, పలక దగ్గఱకు వచ్చినచో చెంప ఎట్లు తేటపడునో కంటికి తెలియును. ఈ పాఠమునకు ఒక్క పైసయు కర్చు లేదు. ఈ పాఠము రానివానికి పది దీపములు కొనియిచ్చినను ప్రయోజనము లేదు.

ఇక దీపమునుగూర్చి తెలియవలసిన సూత్రములు రెండే. మొదటిది పరిమాణము. ధరూరు నడివేసవి మధ్యాహ్నమున మన నీడలు కత్తితో కోసినట్లుండును. ముసురు పట్టిన శ్రావణమున నీడయే కానరాదు. సూర్యుడొక్కడే. ఎండలో అతడు ఆకాశమున చిన్న బిళ్ళ. మబ్బు పట్టినపుడు ఆకాశమంతయు దీపమే. చిన్న దీపము కఠినమైన నీడల నిచ్చును, పెద్ద దీపము మెత్తని నీడల నిచ్చును. కావున దీపపు ముందర తెల్లని గొడుగునో సాఫ్ట్‌బాక్సునో తగిలించి, దానిని పెద్దది చేయవలెను. రెండవది దూరము. దీపమునకు ఒక మీటరు దూరమున నున్నవానికి అందు వెలుతురులో, రెండు మీటర్లలో నున్నవానికి నాల్గవ వంతే అందును. మూడు మీటర్లలో నున్నవానికి తొమ్మిదవ వంతే. మన విద్యార్థులు భౌతికశాస్త్రమున చదువుకొను విలోమవర్గ నియమ మిదియే. ఈ రెండు సూత్రములు తెలిసినచో అంగడివాని మాటలకు మోసపోము.

అంగళ్ళయందును ఆన్‌లైనునందును అమ్మబడు చౌక సామగ్రి సంగతి చూతము. రెండు మూడు పెట్టెలు, నాలుగు స్టాండులు, పలుచని తెరగుడ్డలు, రంగురంగుల కాగితములు, ఒక సంచి. అన్నియు కలిపి ఒకే ధర. చూచుటకు పెండ్లిసారె వలె నుండును. విప్పి చూచినచో పేరు గొప్ప, ఊరు దిబ్బ. స్టాండు ఆరునెలలకే వదులగును. వాట్లు అట్టపెట్టెపై ఘనముగా వ్రాసియుండును, బల్బున నుండవు. ధరలో పెద్దపాలు లెక్కకు వచ్చు వస్తువులకే పోయి, వెలుతురునకు మిగులునది స్వల్పము. పైగా, నేర్చుకొనువాడు మూడు దీపములను ఒక్కమాఱు వెలిగించినచో ముక్కుకు మూడు నీడలు పడును. ఏ నీడ ఏ దీపముదో తెలియక అతడు తికమకపడును. మేము చౌకను నిందించుట లేదు. చౌకగా పలు వస్తువులు కొనుటకంటె, అదే సొమ్ముతో తక్కువ వస్తువులను గట్టివి కొనుట మేలనుచున్నాము.

ఒక్క దీప మన్నచో ఏ దీపము? ఫ్లాషా, ఆరక వెలుగు ఎల్.ఇ.డి. దీపమా? దీనికి ఉత్తరము మీ చేతి కెమేరాలో నున్నది. ఫ్లాషు రెప్పపాటులో మెఱసి ఆరిపోవును. వెలుతురు మిక్కుటము, కదలు పిల్లవానిని సయితము కదలనట్లు పట్టును, చార్జింగు సెల్లులతో పని చేయును గాన కరెంటు పోయినను చింత లేదు. కాని దానిని కెమేరాతో జతపఱచుటకు ట్రిగ్గరు కావలెను, ట్రిగ్గరు బిగించుటకు కెమేరాపై గాడి యుండవలెను. సామాన్యమైన సెల్ ఫోను ఇట్టి ఫ్లాషుతో జతపడదు. ఎల్.ఇ.డి. దీపమో, కిటికీ వలెనే కంటికి కనబడుచు వెలుగును, ఫోనుకును కెమేరాకును సమానముగా పనికి వచ్చును, వీడియోకును ఉపకరించును. వెలుతురు ఫ్లాషుకంటె మిక్కిలి తక్కువ గనుక ముఖమునకు దగ్గఱగా నుంచవలెను, ఫొటోకు నిలుచున్నవాడు కదలక నిలువవలెను. మన విద్యార్థులలో ఎక్కువమందికి ఫోనే కెమేరా. కావున మన బడికి మొదటి దీపము ఎల్.ఇ.డి. దీపమే కావలెనని మా దృఢాభిప్రాయము. కెమేరా గలిగి, ముఖచిత్రములనే జీవనోపాధిగా చేసికొనగోరు యువకునికి మాత్రము ఫ్లాషు మేలు.

ఎల్.ఇ.డి. దీపము కొనునపుడు వాట్లతో పాటు రంగు నిజాయితీని విచారింపుడు. దీపపు కాగితములలో సి.ఆర్.ఐ. అను అంకె యుండును. దాని పరమావధి 100. ఆ యంకె 95గాని అంతకు మించిగాని యున్న దీపమును ఎన్నుకొనుడు. సగటు అంకె బాగుండియు ఎఱుపురంగును సరిగా చూపని దీపములు కలవు. ఎఱుపునకు ప్రత్యేకముగా ఆర్9 అను అంకెను ఇచ్చియున్నచో దానిని గూడ చూడుడు. మన మేనిచాయలో ఎఱుపు పాలు విశేషము. ఎఱుపు తప్పినచో ముఖము పాలిపోవును. పరీక్ష మనయొద్దనే కలదు. నూలు ఒడలు, పట్టు అంచు, జరీ గల గద్వాల చీరను పగటి నీడలో నొకమాఱు, దీపపు వెలుతురున నొకమాఱు ఫొటో తీసి ప్రక్కప్రక్కన చూడుడు. అంచు ఎఱుపు మారినచో ఆ దీపము మనకు వలదు. ఇంకొక పరీక్ష. మన కరెంటు సెకనునకు 50 ఆవృత్తులు గలది. నాసిరకపు దీపములు దానితో పాటు సెకనునకు 100 మాఱులు మిణుకుచుండును. వీడియోలో చాఱలు చాఱలుగా కనబడునది అదియే. దుకాణముననే ఫోనుతో నొక నిమిషము వీడియో తీసి, చాఱలున్నచో దీపమును తిరిగి యిచ్చివేయుడు.

సొమ్మును పంచుకొను తీరు చెప్పెదము. చేత పది రూపాయలున్న వనుకొన్నచో ఆఱు దీపమునకు, రెండు స్టాండునకు, ఒకటి గొడుగునకును దాని బిగింపునకును, తక్కిన యొకటి మంచి తీగకును ప్లగ్గుకును కేటాయింపుడు. గొడుగు తెల్లనిదై, ఒక మీటరు వెడల్పుది చాలును. స్టాండున పొదుపు చేయకుడు. దీపము పడిపోయినచో పిల్లవాని తలపైననే పడును. స్టాండు కాలిపై ఇసుక నింపిన గుడ్డసంచిని వేలాడగట్టుడు. ఆరుబయట గాలిలో గొడుగు తెరచాప వలె పని చేయును గనుక, అచ్చట ఒకరు స్టాండును పట్టుకొనియే యుండవలెను.

తెరగుడ్డను కొననే వలదు. పిల్లవానిని గోడకు రెండు మీటర్లు ముందుకు తెచ్చి, దీపమును అతనికి దగ్గఱగా నుంచినచో, దూరపు సూత్రముచే సున్నపుగోడయే బూడిదరంగు తెర యగును. దీపమును కంటికంటె కొంచెమెత్తున, ముఖమునకు ఏటవాలుగా నుంచుడు. కండ్లజోడులో గొడుగు ప్రతిబింబించినచో దీపము నింకను ఎత్తుడు. రెండవ చెంప చీకటి యగునని భయపడువారికి థర్మాకోలు పలక ఉండనే యున్నది. అది కూలి అడుగని రెండవ దీపము.

వాడిన ఫ్లాషును చౌకగా కొనదలచు యువకులకు హెచ్చరిక. కొన్ని పాత ఫ్లాషులు కెమేరా గాడిలోనికి రెండువందల వోల్టులకు పైగా పంపును. నేటి కెమేరాలలో కొన్ని దానిచే చెడిపోవును. ఫ్లాషులోపలి కెపాసిటరు సెల్లులు తీసివేసిన పిదపను వందలాది వోల్టులను దాచుకొనియుండును. కావున ఆసక్తి యెంత యున్నను దానిని విప్పకుడు.

ఈ యొక్క దీపము చేయలేని పనియు చెప్పుట న్యాయము. నలువది మంది తరగతి గుంపుఫొటోను ఇది వెలిగింపజాలదు. దగ్గఱివాడు తెల్లగను దూరపువాడు నల్లగను వచ్చుదురు. గుంపుఫొటోకు ఉదయపు వేళ భవనపు నీడయే శ్రేష్ఠము. రెండవ దీపమెపుడందురా? వెండ్రుకలను గోడనుండి విడదీయ వెలుతురు కావలెనని, ఏ చోట కావలెనో వ్రేలితో చూపి అడుగగల దినమున కొనుడు. అంతకు ముందు కాదు.

తలిదండ్రులారా! ఈ దీపముచే బడికి కలుగు లాభమును ఫొటోల లెక్కతో మాత్రమే కొలువకుడు. మగ్గమున చీర నేయు ఇంటి బిడ్డ, జరీ మెఱుపును పక్కవెలుతురున పట్టి దూరదేశపు కొనుగోలుదారునికి నిజమైన రంగును చూపగలుగును. ఫొటోయన్నది ఓటరుకార్డునకే తప్ప ఎఱుగని అవ్వకు, ఆమె మనుమరాలు ముడుతలతో సహా చక్కని ముఖచిత్రము తీసి యియ్యగలుగును. విద్యార్థులారా! ఆ ముడుతలను చెఱుపకుడు. ఆ చాయను తెల్లబఱచకుడు. ఎదుటివారి ముఖమును ఉన్నది ఉన్నట్లు గౌరవముతో చూపుటకే ఈ దీపము. అందుల కొక్కటి చాలును.