భారమెత్తు హెలికాప్టరు

పెన్నానది గండికోట లోయను దాటి మైలవరము జలాశయమున విశ్రమించి, పిమ్మట జమ్మలమడుగు, ప్రొద్దుటూరుల దిక్కునకు సాగుచున్నది. నీరు చాలని సంవత్సరములే యెక్కువగుటచే ఈ సీమవారు కరవునకు భయపడుదురే గాని వరదకు భయపడి యెరుగరు. 2021 నవంబరు మాసము ఆ ధీమాను చెరిపివేసినది. ఆ నెల 19వ తేదీ వేకువను చెయ్యేటిపై అన్నమయ్య జలాశయపు కట్ట తెగి, రాజంపేట ప్రాంతపు గ్రామములను ముంచివేసెను. అనేకులు ప్రాణములు గోల్పోయిరి. ఆ వరదలలోనే కమలాపురమువద్ద పాపఘ్నిపై వంతెన కూలెను. పెన్నకు ఉపనదియగు చిత్రావతిలో చిక్కి, మన్ను త్రవ్వు యంత్రముపై నిలిచియున్న పదిమందిని వైమానిక దళపు ఎం.ఐ.-17 హెలికాప్టరు రక్షించెను.

ఆ వైమానికుల సాహసము కొనియాడదగినదే. కాని మనుష్యులనెత్తుట వేరు, యంత్రములనెత్తుట వేరు. ఎం.ఐ.-17 మోయగలది సుమారు 4 టన్నులు మాత్రమే. వంతెన తెగిన యూరికి త్రవ్వుయంత్రములు, విద్యుదుత్పాదక యంత్రములు, పెద్ద పడవలు కావలెను. 1980 దశకమున సోవియట్ దేశమునుండి మనము కొనిన ఎం.ఐ.-26 హెలికాప్టరు 20 టన్నులను మోయగలదు. 2013లో ఉత్తరాఖండము వరదపాలైనప్పుడు గౌచరునకు ఇంధనమును, యంత్రములను చేర్చినది అదియే. 2019 మార్చి 25న చండీగఢ్‌లో అమెరికా చినూకులు మన దళమున చేరినవి. మొత్తము 15 కొంటిమి.

ఎంతకాలమిట్లు కొనుచుండుట? యుద్ధసామగ్రికై వెచ్చించు ధనమును చెరువులకు, కాలువలకు వెచ్చింపరాదా యని రైతు లడుగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. అయితే హిమాలయపు సరిహద్దుకు ఫిరంగిని మోయు యంత్రమే వరదనాడు పల్లెకు ప్రాణాధారమగును. అట్టిదానిని అమ్మినవాడు విడిభాగముల నాపినచో అది కొట్టములోని కుంటియెద్దు వలె నుండును.

హైదరాబాదు చెంత ఆదిభట్లలో అపాచీ హెలికాప్టరుల దేహములు 2018 నుండి తయారగుచున్నవి. ఇది తెలుగువారికి గర్వకారణమే. కాని దేహము చేసినంతమాత్రమున ప్రాణము పోసినట్లు కాదు. ఇంజను అతివేగముగా తిరుగును. పై రెక్కలు నిదానముగా, మహాబలముతో తిరుగవలెను. ఈ రెంటిని గలుపు గేరుపెట్టెయందే అసలు విద్య యున్నది. రెండు ఇంజనుల బలమును ఎనిమిది రెక్కలకందించు ఆ పెట్టెను ఎం.ఐ.-26 కొరకు మిల్ సంస్థవారు స్వయముగా రూపొందించుకొనవలసి వచ్చెను.

ధ్రువమును, ప్రచండమును నిర్మించిన హిందుస్థాన్ ఏరోనాటిక్స్ సంస్థ యిప్పుడు తలపెట్టిన బహుళప్రయోజన హెలికాప్టరు బరువు సుమారు 13 టన్నులు. నిండు బరువుతో ఎం.ఐ.-26 యెత్తు 56 టన్నులు. ఈ యంతరమును ఒక్క గంతున దాటజాలము. కావున ప్రభుత్వమువారు మొదటిదానిని గడువులోపల ముగింపించి, పెద్ద గేరుపెట్టెపై పరిశోధనకు నేటినుండియే స్థిరమైన ధనము కేటాయింపవలెను. మోయువానికే తెలియును కావడి బరువు. ఇంతకాలము మనకై ఇతరులు మోసిరి. ఇకనైనను మన భుజమును మనము సిద్ధపరచుకొనవలెను.