బరిలో పుంజుకు లక్షలు, పెరట్లో పెట్టకు టీకా లేదు

సంక్రాంతి వెళ్లిపోయింది. బరులు ఎత్తేశారు, టెంట్లు విప్పేశారు. ఎప్పటిలాగే పోలీసులు కొన్ని కత్తులు పట్టుకుని కొన్ని కేసులు రాశారు. ఎన్ని కోట్లు చేతులు మారాయో పత్రికలు లెక్కలు వేశాయి. ఈ మూడు రోజుల హడావిడిలో ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. ఆ పుంజు తల్లి ఎక్కడుంది? దాన్ని ఎవరు సాకుతున్నారు?

పందెం సంగతి ముందే చెప్పేద్దాం. జంతుహింస నిరోధక చట్టం 1960 నుంచీ ఉంది. రాష్ట్ర గేమింగ్ చట్టం 1974లో వచ్చింది. 2016 డిసెంబరులో ఉమ్మడి హైకోర్టు మండలానికో తనిఖీ బృందం వేసి పందేలు ఆపమని చెప్పింది. కాలికి కత్తి కట్టి, పక్కన పేకాట, గుండాట పెట్టి, ధాన్యం డబ్బు చేతికొచ్చిన వారంలోనే కౌలు రైతు జేబు ఖాళీ చేయించే వ్యాపారాన్ని సంప్రదాయం అనడానికి మన సంఘం ఒప్పుకోదు. ఈ మాట కొందరు సభ్యులకు రుచించదని తెలుసు. అయినా మన అసలు బాధ అది కాదు. ఆ కోడి జాతి మన చేతుల్లోంచి జారిపోతోంది. అది పోయినా ఆగినా పందెం కోణంలోంచి తప్ప చూసేవారు లేరు.

మన ప్రాంతంలో జాతికోడి అంటే ఆసిల్. దేశంలోని పశుపక్ష్యాదుల జాతులను నమోదు చేసే కర్నాల్ జాతీయ సంస్థ జాబితాలో ఆంధ్రప్రదేశ్ పేరుతో ముడిపడినవి నాలుగు కోళ్లు: ఆసిల్, డంకి, కాళహస్తి, కర్ణాటకతో కలిపి ఘాగస్. పొడవాటి మెడ, గట్టి కాళ్లు, చిన్న జుట్టు, బిగుతుగా అంటుకున్న ఈకలు ఆసిల్ లక్షణాలు. మంచి పుంజు నాలుగు కిలోలు తూగుతుంది. రంగును బట్టి మనవాళ్లు దానికి పెట్టుకున్న పేర్లకు అంతు లేదు. నల్లనిది కాకి, ఎర్రనిది డేగ, తెల్లనిది సేతు. ఆపై నెమలి, పచ్చకాకి, కౌజు, మైల, రసంగి, అబ్రాసు. ఏ రోజు ఏ రంగు గెలుస్తుందో చెప్పే కుక్కుట శాస్త్రాన్ని నమ్మాలా వద్దా అన్నది వేరే మాట. కానీ ఒక పక్షిని ఈకల వారీగా ఇంత నిశితంగా చూసి పేర్లు పెట్టినవాళ్లు శాస్త్రవేత్తలు కారు, పల్లె జనం. వరి వంగడాల తర్వాత మన రైతులు ఇంత శ్రద్ధగా ఎంపిక చేసి నిలబెట్టుకున్నది మరొకటి ఉందా అంటే అనుమానమే.

ఆ ఎంపిక రెండు చోట్ల జరిగేది. పుంజుల ఎంపిక మగవాళ్లది, దానికి పేరూ డబ్బూ ఉన్నాయి. పెట్టల ఎంపిక ఆడవాళ్లది, దానికి పేరు లేదు. ఏ పెట్ట శ్రద్ధగా పొదుగుతుంది, ఏది గద్దను చూసి పిల్లల్ని రెక్కల కిందికి లాక్కుంటుంది, ఏది గుడ్లు తొక్కి పాడుచేస్తుంది అన్నవన్నీ గంప మూసే చేతులకే తెలుసు. నాటుపెట్ట విడతకు పది పన్నెండు గుడ్లు పెట్టి పొదుగుకు వస్తుంది. 21 రోజులు కూర్చుంటుంది. తర్వాత రెండు మూడు నెలలు పిల్లల్ని తిప్పుతుంది. అందుకే ఏడాదికి యాభై గుడ్లు కూడా రావు. లేయర్ ఫారం లెక్కలో ఇది దండగ కోడి. ఇంటి లెక్కలో మాత్రం కరెంటు, ఇంక్యుబేటరు, కొన్న దాణా ఏవీ లేకుండా తన సంతతిని తానే పెంచుకునే కోడి. పిల్లాడి బడి ఖర్చుకో, ఇంట్లో జ్వరానికో ఎవరినీ అడగకుండా ఇల్లాలు అమ్ముకోగల ఆస్తి అదొక్కటే. మా అమ్మ లెక్కల్లో పాల డబ్బు నాన్నది, కోళ్ల డబ్బు తనది.

ముదినేపల్లి, మండవల్లి, కైకలూరు వైపు ఏ ఊరికైనా వెళ్లి ఇప్పుడు గంప కింద పెట్ట ఉన్న ఇల్లు ఎన్ని ఉన్నాయో చూడండి. తప్పు కోడిది కాదు, దాని మేత మాయమైంది. వరి కుప్పలు నూర్చిన రోజుల్లో కళ్లంలో రాలిన గింజ, గడ్డివాము చుట్టూ తాలు, పెంటకుప్పలో పురుగు దాని తిండి. ఇప్పుడు హార్వెస్టరు చేలోనే ధాన్యాన్ని ట్రాక్టరులో పోసేస్తోంది. కళ్లం లేదు, పశువులు తగ్గి పెంటకుప్పా లేదు. చేలు చేపల చెరువులయ్యాయి. నూనె తీసిన తవుడు లారీలకు లారీలు చెరువులకే పోతుంటే నాలుగు కోళ్లున్న మనిషికి తవుడు కొనుక్కోవడం బరువైంది. విచిత్రం ఏమిటంటే అవే చెరువు గట్ల మీద పందెం పుంజులకు షెడ్లు లేచాయి. అక్కడ బాదం, జీడిపప్పు, ఖీమా పెడతారు, ఈత కొట్టిస్తారు. ఆ షెడ్ల వాళ్లు మంచి పెట్టను బయటికి ఇవ్వరు. పైగా వేగం కోసం, తోక పొడవు కోసం, చిలకముక్కు కోసం పెరూ జాతి వంటి విదేశీ పుంజులతో దాటిస్తున్నారు. పదేళ్లు ఇలాగే సాగితే మన ఆసిల్ ఏదో, సంకరం ఏదో తేల్చడానికి నమూనా పెట్ట కూడా దొరకదు.

ప్రభుత్వం ఏమీ చేయడం లేదని అనలేం. చేస్తున్నది వేరే పని. 2019 పశుగణన ప్రకారం దేశంలో పెరటి కోళ్లు 31.7 కోట్లు, 2012 కంటే దాదాపు 46 శాతం ఎక్కువ. ఆ అంకె చూసి సంతోషించే ముందు పెరిగినవి ఏ కోళ్లో అడగాలి. రాయితీ మీద పంచుతున్నవి వనరాజా, గ్రామప్రియ, రాజశ్రీ వంటి మెరుగుపరచిన రకాలు. అవి చెడ్డవి కావు, నూరుకు పైగా గుడ్లు పెడతాయి, త్వరగా బరువు వస్తాయి. కానీ వాటికి పొదుగు గుణం దాదాపు లేదు. కోడి అయిపోగానే మళ్లీ పిల్లల్ని కొనాలి. పత్తి విత్తనం విషయంలో మనం ఒకసారి చదివిన పాఠమే ఇది. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థే ఆసిల్ నుంచి వనశ్రీని తీసింది. అంటే ఈ జాతిలో సరుకు ఉందని వాళ్లకు తెలుసు. ఆ సరుకు మన పెరటికి రావడమే లేదు.

జాతీయ పశుసంపద మిషన్ కింద గ్రామీణ కోళ్ల పెంపకానికి 50 శాతం, గరిష్ఠంగా 25 లక్షల రూపాయల రాయితీ ఉంది. వినడానికి బాగుంటుంది. దానికి కనీసం వెయ్యి తల్లి కోళ్లు, హేచరీ, బ్యాంకు అప్పు, భూమి పత్రాలు కావాలి. అయిదు పెట్టలున్న ముదినేపల్లి కూలీ మహిళకు ఈ పథకం తలుపు ఎక్కడుంది? మధ్యప్రదేశ్ ఝాబువా వాళ్లు తమ కడక్‌నాథ్‌కు 2018లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్నారు. ఆ నల్లకోడిని మనవాళ్లు ఎగబడి కొన్నారు కూడా. సొంత జాతికి మాత్రం మనం పోలీసు రికార్డులో తప్ప చోటు ఇవ్వలేదు.

మరో ప్రమాదం ఉంది. 2025 ఫిబ్రవరిలో తణుకు దగ్గర వేల్పూరులో, పెరవలి మండలం కానూరులో బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయింది. నిబంధన ప్రకారం వ్యాధి కేంద్రం చుట్టూ కిలోమీటరు లోపు పెరటి కోళ్లనూ చంపాల్సిందే. ఒక జాతి మొత్తం కొద్ది షెడ్లలోనే ఉంటే ఒక్క దెబ్బకు పోతుంది. వంద ఊళ్లలో, వెయ్యి పెరళ్లలో ఉంటే మిగులుతుంది.

అయితే నాటుకోళ్లను ఏటా తుడిచిపెడుతున్నది బర్డ్ ఫ్లూ కాదు, కొక్కెర తెగులు. ఎండలు ముదిరితే ఆకుపచ్చ పారుడు, మెడ వంకర, వారంలో గూడు ఖాళీ. దీనికి టీకా ఉంది, ఖరీదూ తక్కువే. చిక్కు ఎక్కడంటే చిన్న సీసాలోనే వంద డోసులుంటాయి. మంచులో తేవాలి, కలిపిన తర్వాత రెండు గంటల్లో వాడేయాలి. అయిదు కోళ్లున్న ఇల్లాలు ఒక సీసా ఏం చేసుకుంటుంది? వీధి మొత్తం ఒకే ఉదయం వేయించుకుంటేనే అది పనికొస్తుంది. ఇది డబ్బు సమస్య కాదు, కలిసి చేయడం సమస్య. సంఘం ఉన్నదే అందుకు.

కాబట్టి ప్రభుత్వాన్ని అడిగేవి అడుగుదాం. ప్రతి రైతు సేవా కేంద్రంలో పశుసంవర్ధక సహాయకుడు ఏడాదికి రెండుసార్లు ఊరంతటికీ కోళ్ల టీకా రోజు పెట్టాలి. రాయితీ పిల్లల్లో ఆసిల్ వాటా ఉండాలి. గన్నవరం పశువైద్య కళాశాల ఆధ్వర్యంలో డెల్టా పెట్టల మంద ఒకటి నిలపాలి. వెయ్యి కోళ్ల నిబంధన తీసి మహిళా సంఘాలకు పది పెట్టల యూనిట్లు ఇవ్వాలి.

మనం చేయగలిగేది కూడా ఉంది. అడ్డతీగల వైపు మన్యంలో ఆదివాసీ మహిళలు ఆంత్ర అనే సంస్థ తోడ్పాటుతో పాత వాటా పద్ధతిని మళ్లీ లేపి ఆసిల్‌ను తెచ్చుకున్నారు. ఒకరి పెట్ట ఇంకొకరు పెంచి పిల్లల్ని పంచుకోవడమే వాటా. మన వైపు పాలుకు ఇవ్వడం అంటే ఇదే కదా, కొత్తేం కాదు. జాతి పెట్టలున్న సభ్యులు వాటిని షెడ్డులో బంధించకుండా ఒక్కో ఇంటికి పాలుకు ఇవ్వాలని కోరుతున్నాం. పుంజుల మీద మోజున్న సభ్యులను ఇంకా గట్టిగా కోరుతున్నాం.

ఈ నెల గ్రామ శాఖల సమావేశాల్లో టీకా తేదీని మొదటి అంశంగా పెట్టండి. ఎన్ని ఇళ్లలో ఎన్ని కోళ్లున్నాయో, అందులో పొదుగుకు వచ్చే నాటుపెట్టలెన్నో మహిళా సభ్యులే రాయాలి. టీకాకు వారం ముందు నట్టల మందు తాగించాలి. ఎనిమిది వారాలు దాటిన కోళ్లకు ఆర్.2.బి. సూది, వారం వయసు పిల్లలకు లసోటా చుక్క. శివరాత్రి దాటితే ఎండ ముదురుతుంది. తేదీ అంతకు ముందే ఉండాలి.